లెక్క ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్లదే



వచ్చే సర్వసభ్య సమావేశంలో మేం రెండు తీర్మానాలు పెట్టబోతున్నాం. అక్కడ ఇంత వివరంగా చెప్పే టైము దొరకదు. హాలుకు రంగులు వేయించే ఖర్చు దగ్గరే సగం పొద్దు పోతుందని మనందరికీ తెలుసు. అందుకే ముందుగా ఇక్కడ రాస్తున్నాం. పోస్టు పెద్దదే. తీరిక చేసుకుని చదవండి. తీర్మానాలు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో సమావేశానికి వచ్చి చెప్పండి.

విషయం గల్ఫ్‌కు పోయే మన ఊళ్ల పిల్లల గురించి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి ఇంటర్వ్యూకనో, మెడికల్‌కనో, ఫ్లైటుకనో ముంబైలో దిగినవాళ్లు ఎక్కడ ఉంటారు? వర్లీలోనో, పరేల్‌లోనో, భివండీలోనో మన చుట్టాల ఖోలీల్లోనే ఉంటారు. మన ఇంట్లోనే తింటారు. వాళ్లు మోసపోతే ఆ మోసం సగం మన గుమ్మం ముందే జరిగినట్టు లెక్క. ఏడాదిగా ఆదివారాలు సంఘం ఆఫీసులో ఒక లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నాం. వచ్చినవాళ్ల కాగితాలు చూస్తున్నాం. అలా చూసింది, నేర్చుకుంది మీ ముందు పెడుతున్నాం.

ముందు కొంచెం పాత సంగతి. మన తాతలు బొంబాయి మిల్లుల్లో పనికి ఎట్లా కుదిరారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కామాఠీపురా అనే పేరే మనవాళ్ల కూలిపని మీద వచ్చిన పేరు. మగ్గాలు వదిలి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మిల్లుల్లో సాంచెల మీదకు చేరాయి. వాళ్లను పనిలో పెట్టుకున్నది మేనేజరు కాదు, జాబరు. మనవాళ్ల మాటలో ముకద్దం. దస్తూరీ ఇచ్చినవాడికి పని, ఇవ్వనివాడికి గేటు బయట నిలబడటం. ఊరి నుంచి తీసుకొచ్చేదీ, ఖోలీ చూపించేదీ, అప్పు ఇప్పించేదీ చాలాసార్లు అతనే. అతను కూడా మనవాడే, మన కులంవాడే, ఒక్కోసారి మన మేనమామే.

1935లో మిల్లు యజమానులు బద్లీ కార్డుల పద్ధతి తెచ్చారు. కార్డు ఉన్నవాళ్లు పొద్దున్నే వస్తే ఖాళీల్లో ముందుగా వాళ్లనే తీసుకోవాలి. కూలీల మీద ప్రేమతో తెచ్చిందేమీ కాదు. ముకద్దంల పెత్తనం మిల్లుకు కూడా భారమైంది కాబట్టి తెచ్చారు. ఆ పెత్తనం ఒక్క రోజులో పోలేదు కూడా. అయినా మన మనిషి పేరు ఒక కాగితం మీదకు ఎక్కింది. ముకద్దం నోటిమాటకు బయట ఒక లెక్క పుట్టింది. ఆ తర్వాత యూనియన్లు వచ్చినా, కోర్టులకు పోయినా, అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంది.

పోర్టళ్లనూ యాప్‌లనూ మేం చూసేది ఈ దృష్టితోనే. కూలిమనిషి లెక్కను అతని చేతిలో కూడా పెట్టేదైతే అది పనికొచ్చే వస్తువు. మధ్యవాడి దగ్గరో, యజమాని దగ్గరో మాత్రమే ఉంచేదైతే అది కంప్యూటరెక్కిన పాత ముకద్దం.

ఇప్పుడు మేం చూసిన సంగతులు.

పోయిన చలికాలం జగిత్యాల వైపు కుర్రాడొకడు వచ్చాడు. దుబాయిలో సూపర్‌మార్కెట్ హెల్పరు పని, నెలకు 1,500 దిర్హామ్‌లు అన్నారట. లక్షా ఇరవై వేలు అడిగారు, సగం అప్పటికే ఇచ్చేశాడు. రసీదు లేదు. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ ఉంది, మీద ముంబై కంపెనీ పేరు, స్టాంపు, లైసెన్స్ నంబరు అన్నీ ఉన్నాయి. విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూశాం. కంపెనీ నిజంగానే ఉంది, లైసెన్సు నడుస్తోంది. కుర్రాడి ముఖం వెలిగిపోయింది. "జూసిన్రా కాకా, అసలుదే" అన్నాడు.

ఇల్లలకగానే పండగ కాదు. పోర్టల్‌లో ఆ కంపెనీకి ఉన్న ఫోన్ నంబరు, లెటర్ మీద ఉన్న నంబరు వేరు. పోర్టల్‌లో ఉన్న నంబరుకు మేమే ఫోన్ చేశాం. ఆ పేరుగల మనిషి మా దగ్గర లేడు, ఆ పనికి మేం ఎవరినీ పంపడం లేదు అన్నారు. అంటే అసలు కంపెనీ పేరు, నంబరు తీసుకుని ఎవరో దొంగ కాగితం తయారుచేశారు. కుర్రాడు పోలేదు. ఇచ్చిన డబ్బులో కొంత, నలుగురం పోయి కూర్చుంటే, తిరిగి వచ్చింది.

దీంట్లో నేర్చుకోవలసింది ఒకటుంది. పోర్టల్ తెరిచి చూడటం అందరికీ వచ్చు. కాగితం మీద ఉన్న నంబరుకు కాకుండా పోర్టల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయాలని తట్టడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. ఊరి నుంచి అప్పు తెచ్చుకుని, రేపే ఫ్లైటు అనుకుంటున్న మనిషికి ఆ అనుమానం రాదు, రావాలనీ ఉండదు. పక్కన కూర్చునే ఆ మనిషి సంఘం నుంచి ఉండాలన్నదే మా మాట.

పోయేముందు మేం చూసేవి ఇవి. ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

ఏజెంటు లైసెన్సు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ పనులకు మనుషులను పంపకూడదు. ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితాతో పాటు ఫిర్యాదులొచ్చిన అక్రమ ఏజెంట్ల జాబితా కూడా ఉంటుంది. రెండూ చూడాలి.

డబ్బు. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. 18 శాతం జీఎస్టీతో మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. ఈ అంకె చెప్పినప్పుడు మా ముందు కూర్చున్నవాళ్లు నవ్వుతారు. లక్ష, లక్షన్నర ఇచ్చి వచ్చినవాళ్లు కదా. నవ్వినా సరే చెప్తాం. డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో పంపమంటాం. రసీదు ఇవ్వనివాడి పేరు కనీసం మన ఫోన్‌లో మిగులుతుంది.

వీసాలో పని పేరు. 2023 నుంచి సౌదీ వీసాకు పాస్‌పోర్టులో స్టిక్కరు పోయి, క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం వస్తోంది. అరబ్బీలో ఉన్న మాటల మీద ఫోన్ కెమెరా పెట్టి గూగుల్ లెన్స్‌తో చదివిస్తాం. ప్యాకింగ్ పనికని బయలుదేరిన ఒకతని కాగితంలో "రాఈ గనమ్" అని ఉంది. అంటే గొర్రెల కాపరి. నిమిషం పట్టని పని. ఆ నిమిషం లేకపోతే ఎడారిలో రెండేళ్లు.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద 18 దేశాలకు ఈ క్లియరెన్సు కావాలి. గల్ఫ్ దేశాలన్నీ అందులో ఉన్నాయి. దీనితోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు.

"విజిట్ మీద పో, అక్కడికి పోయినంక మార్పిస్త" అనే మాట వినబడగానే లేచి వచ్చేయమని చెప్తాం. విజిట్ వీసా మీద పోయినవాడికి ఈ లెక్కలేవీ ఉండవు. పోర్టల్‌లో పేరుండదు, కాంట్రాక్టు ఉండదు, బీమా ఉండదు. ప్రభుత్వం దృష్టిలో అతను చుట్టపుచూపుగా వెళ్లినవాడు. అలా వెళ్లిన ఒకతని తండ్రి మా దగ్గరికి వచ్చాడు. మూడు నెలలుగా జీతం లేదు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో తెలియదు, కంపెనీ పేరు కూడా సరిగా తెలియదు. "బిల్డింగు కడుతున్నరు, పెద్దది" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని ఎక్కడని వెతకాలి? ఊళ్లో వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. చివరికి చందాలతో టికెట్ కొని రప్పించాం. జీతం గురించి అడిగే దారి కూడా లేకపోయింది.

ఇక పోయిన తర్వాత సంగతి.

ఒకతను ఖతర్‌లో స్కాఫోల్డింగ్ పని. ఇక్కడి నుంచి సరైన దారిలోనే పోయాడు. పోయేముందు మేం చెప్పిన ఒక పని అతని భార్య శ్రద్ధగా చేసింది. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం, ఏజెంటుతో జరిగిన వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు అన్నీ తన ఫోన్‌లో దాచుకుంది. ఇంకో ప్రింటు తీసి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. అక్కడ అతను రోజూ రాత్రి ఆమెకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఇవ్వాళ ఫలానా సైటు, పొద్దున ఇన్నింటికి ఎక్కినం, రాత్రి ఇన్నింటికి దిగినం. సైటు బోర్డు ఫోటో ఒకటి.

ఐదు నెలలు జీతం ఆగింది. ఆమె మా దగ్గరికి వస్తే మేం కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేకపోయింది. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించాం. కాంట్రాక్టు కాపీ, తేదీలవారీగా పని గంటలు, సైట్ల ఫోటోలు జతచేశాం. దోహాలోని మన ఎంబసీ నుంచి కంపెనీకి పిలుపు పోయింది. ఐదు నెలల్లో మూడు నెలల జీతం వచ్చింది. మిగిలింది రాలేదు. ఇది పూర్తి గెలుపు అని మేం చెప్పడం లేదు. కానీ "ఏమో సార్, పనిజేసిండు, పైసలియ్యలే" అనే మాటకూ, తేదీలతో ఉన్న పట్టికకూ తేడా ఎంతో ఆ రోజు కళ్లారా చూశాం. ఆ పట్టిక తయారుచేసింది ఏ యాపూ కాదు. ఏడో తరగతి చదివిన ఒక ఇల్లాలు.

అక్కడి ప్రభుత్వాలు కూడా కొన్ని ఏర్పాట్లు చేశాయి, అది చెప్పకపోతే తప్పు. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే పద్ధతి యూఏఈలో 2009లో, ఖతర్‌లో 2015లో వచ్చింది. ఎవరికి జీతం పడలేదో ప్రభుత్వ కంప్యూటరుకు తెలుస్తుంది. మంచిదే. కానీ మనవాళ్ల అనుభవం వినండి. కొన్ని క్యాంపుల్లో ఏటీఎం కార్డులన్నీ ఫోర్‌మన్ దగ్గరే ఉంటాయి. జీతం అకౌంట్‌లో పడుతుంది, అతనే తీస్తాడు, కోసుకుని మిగతాది చేతికి ఇస్తాడు. కంప్యూటరు లెక్కలో జీతం పూర్తిగా ముట్టినట్టే. లెక్క ఉంది, కార్డు మాత్రం కూలివాడి చేతిలో లేదు. అందుకే మేం చెప్పే మాట ఒక్కటే: కార్డు ఎవరికీ ఇవ్వొద్దు, జీతం పడిన ఎస్సెమ్మెస్ మీ నంబరుకే రావాలి, నెలకొకసారి దాని స్క్రీన్‌షాట్ ఇంటికి పంపాలి.

భాష సంగతి కూడా ఉంది. యూఏఈలో 2016 నుంచి ఆఫర్ లెటర్‌ను కూలివాడికి అర్థమయ్యే భాషలో చూపించి సంతకం తీసుకోవాలనే నియమం వచ్చింది. అప్పుడు ప్రకటించిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ ఉన్నాయి. తెలుగు లేదు. అంత మంది మనవాళ్లు అక్కడ ఉండి కూడా లేదు. మన పిల్లలు హిందీ మాట్లాడతారు కానీ హిందీ చదవడం చాలామందికి రాదు. ముంబైలో మూడు తరాలుగా ఉన్న మనకు తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వచ్చు, మన పిల్లలకు ఇంగ్లీషూ వచ్చు. ఈ పనికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు?

ఇది చదువురానివాళ్ల కష్టమని కూడా అనుకోవద్దు. పదో తరగతి దాటితే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా, మయన్మార్ తీసుకుపోయి సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాలకు చిక్కుతున్నది డిగ్రీ చదివిన పిల్లలే. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మీరంతా చదివే ఉంటారు. ఆ పిల్లలకు ఫోన్ వాడటం మనకన్నా బాగా వచ్చు. ఉద్యోగం దొరికింది కూడా ఫోన్‌లోనే. అక్కడికి చేరాక పాస్‌పోర్టు లాగేసుకుంటారు. ఇంట్లో ఎవరి దగ్గరా ఒక్క కాగితం కాపీ ఉండదు.

ఇక్కడే మన ముంబైలో నాకాల మీద నిలబడే పాలమూరు కూలీల సంగతీ ఇంతే. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు ఎక్కాలంటే అంతకుముందు 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. ఎక్కితే పిల్లల చదువుకూ, కాన్పుకూ, ప్రమాదానికీ సాయం ఉంటుంది. కానీ రోజుకో మేస్త్రీ, వారానికో సైటు అయినవాడికి 90 రోజుల కాగితం ఎవరిస్తారు? హాజరు పుస్తకం మేస్త్రీ జేబులో ఉంటుంది. సాయంత్రం ఆ పుస్తకం పేజీ ఒక ఫోటో తీసుకో అని చెప్తే, "తీస్తే రేపు పనికి పిలువడన్నా" అన్నాడొకతను. అతని భయం నిజమే. ఫోన్ ఉన్నంత మాత్రాన ధైర్యం రాదు. పదిమంది కలిసి తీస్తే మేస్త్రీ పదిమందినీ మానిపించలేడు. అందుకే ఈ పని ఒక్కొక్కరితో కాదు, నాకాకు పోయి గుంపుతో మాట్లాడాలని అనుకుంటున్నాం.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాం. ఇది రాయాలా వద్దా అని మాలో మేం చాలా రోజులు వాదించుకున్నాం.

మొదట చెప్పిన జగిత్యాల కుర్రాడి దగ్గర డబ్బు తీసుకున్నది ఎవరో బయటివాడు కాదు. మన సంఘం సభ్యుడొకరికి దగ్గరి బంధువు. కుర్రాడు నమ్మిందీ అందుకే. "సంఘమోళ్ల మనిషి గదా" అన్నాడు. కంచే చేను మేసినట్టయింది. మేం ఆ ఇంటికి పోయి మాట్లాడినప్పుడు ఒక పెద్దాయన, "మన ఇంటి గుట్టు బయట పెడ్తరా బిడ్డా?" అన్నారు. వయసులో పెద్దవారు, మా అందరినీ ఎత్తుకుని పెంచినవారు. ఆయనకు ఎదురు చెప్పలేదు. కానీ ఈ ఏడాది మేం చూసిన కేసులన్నిటిలోనూ దొంగతనం ఎవరో తెలియని మనిషితో మొదలవలేదు. బావ, మామ, ఊరివాడు, కులపెద్ద, వీళ్లతోనే మొదలైంది. మన నమ్మకమే వాళ్ల పెట్టుబడి.

చట్టం సబ్ ఏజెంట్లను ఒప్పుకోదు. "నేను ఏజెంటును కాదు, ఊరికే కలిపి ఇస్తా" అని తలకు పది వేలో ఇరవై వేలో తీసుకున్నా అది నేరమే. దానికి 1983 చట్టంలో రాసిన శిక్ష గరిష్ఠంగా రెండేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క మనిషి మీద వచ్చే కమిషన్‌లో జరిమానా ఐదో వంతుకు మించదు. కాబట్టి చట్టం భయపెట్టి ఆపుతుందని మాకు నమ్మకం లేదు. మన పలుకుబడి ఆపగలదు. పెళ్లికి పిలవడం, పండగకు పిలవడం, వేదిక మీద శాలువా కప్పడం, ఇవి మన చేతిలో ఉన్నాయి.

అందుకే మొదటి తీర్మానం: విదేశీ పనికి గానీ, ఇక్కడి కూలిపనికి గానీ మనుషులను కుదిర్చి డబ్బు తీసుకునే సభ్యులు సంఘం పదవుల్లో ఉండకూడదు, సంఘం పేరు వాడకూడదు. రిజిస్టరైన ఏజెంట్లు మనలో ఉంటే వాళ్లకు ఇది వర్తించదు, వాళ్ల లైసెన్సు నంబరు నోటీసు బోర్డు మీద పెడదాం.

రెండో తీర్మానం: ప్రతి ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా సంఘం హాలులో సహాయ బల్ల. లాప్‌టాప్, ప్రింటరు, ఇంటర్నెట్ ఖర్చు సంఘానిది. కూర్చోవడానికి వంతులవారీగా ఇద్దరు. అందులో ఒకరు తప్పకుండా ఆడవాళ్లు ఉండాలి, ఎందుకంటే సగంమంది వచ్చేది భార్యలు, తల్లులే. ఇళ్లలో పనికి గల్ఫ్ పోవాలనుకునే ఆడవాళ్లూ వస్తున్నారు. క్లియరెన్స్ కావలసిన దేశాలకు ఆ పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలని, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థ దారి ఉందని వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

ఈ రెండో తీర్మానంలోనే ఒక షరతు. పాస్‌పోర్టు, వీసా, ఆధార్ ఫోటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఇవ్వాళే మానేయాలి. సాయం చేద్దామనే పెడుతున్నారు, మాకు తెలుసు. కానీ నాలుగు వందల మంది ఉన్న గ్రూపులో ఒక దొంగ చాలు, ఆ కాగితంతోనే ఇంకో దొంగ లెటర్ తయారవుతుంది. సహాయ బల్ల దగ్గర కూడా మేం కాపీలు దాచుకోం. చూస్తాం, ప్రింటు తీసి వాళ్ల చేతికే ఇస్తాం, లాప్‌టాప్‌లోంచి తీసేస్తాం. కాపీ ఉండవలసిన చోటు పోయేవాడి ఇంట్లో, అతని భార్య దగ్గరో, తల్లి దగ్గరో. సంఘం కొత్త ముకద్దం కాకూడదు.

హాలుకు రంగులు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు. రేపు ఎవరైనా కుర్రాడు మీ ఖోలీలో దిగి, "ఎల్లుండే ఫ్లైటు మామా" అంటే, టీ ఇచ్చి, కాగితాలు ఒకసారి చూపించమని అడగండి. ఏదైనా అనుమానముంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం వారి టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090 ఉంది. ఆదివారం అయితే మేమున్నాం.

సమావేశానికి తప్పకుండా రండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి, ఈ తీర్మానాల మీద వాళ్ల ఓటే ముఖ్యం.